వెనక జేబులో అరంగుళం

పర్సును బల్ల మీద బోర్లించమంటే చాలామంది మగవాళ్లు మొహమాటపడతారు. అందులోంచి ఏమేం రాలతాయో వాళ్లకే సరిగా తెలియదు. రెండు డెబిట్ కార్డులు, ఒక క్రెడిట్ కార్డు, పాన్, ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, మెట్రో కార్డు. ఇంతవరకు సరే. వాటి వెనకాల అక్షరాలు చెరిగిపోయిన పెట్రోలు బంకు రసీదులు, ఎవరిచ్చారో గుర్తులేని విజిటింగ్ కార్డులు, తిరుపతి వెంకన్న బొమ్మ, నాలుగు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, తలనొప్పి మాత్ర ఒకటి, మొదటి జీతంలోంచి తీసి దాచుకున్న పది రూపాయల నోటు. ఖర్చు పెట్టుకునే డబ్బు మాత్రం రెండు అయిదొందల కాగితాలు.

ఈ మూటను పలచన చేస్తామంటూ ఇప్పుడు బజారు నిండా సరుకు వచ్చింది. ‘స్లిమ్’ అని ఒకటి, ‘మినిమలిస్ట్’ అని ఒకటి, ‘ఆర్ఎఫ్ఐడీ సేఫ్’ అని ఇంకొకటి. రెండొందల రెక్సిన్ పర్సు మీదా అదే మాట, వేలు పోసి కొనే టైటానియం పలకల మీదా అదే మాట. పర్సు నిజంగా ఎంతవరకు పలచబడగలదు? భద్రత అంటే దేని నుంచి? విదేశాల్లో గీసిన నమూనా మన నోటుకు, మన జేబుకు సరిపోతుందా? కొలబద్ద పట్టుకుని కూర్చుంటే వీటిలో చాలావాటికి జవాబు దొరుకుతుంది.

అన్నట్టు, మగవాళ్లదైతే వాలెట్, ఆడవాళ్లదైతే పర్సు అనే పట్టింపు ఇంగ్లీషువాళ్లదే. తెలుగులో ఎవరిదైనా పర్సే. అంతకు ముందు తిత్తి ఉండేది, రొంటిన దోపుకునే మూట ఉండేది, చీర కొంగున ముడి ఉండేది. సన్నదనంలో కొంగు ముడిని మించిన పర్సు ఇంకా పుట్టలేదు. భద్రతలోనూ అది తక్కువదేం కాదు. చేత్తో తడిమితే ఉందో లేదో తెలుస్తుంది, ముడి విప్పకుండా ఎవరూ తీయలేరు. దానికి చేతకానిది ఒక్కటే, కార్డు పట్టదు.

కార్డు కొలతలు ప్రపంచమంతా ఒకటే. ఐఎస్ఓ 7810 ప్రమాణం ప్రకారం పొడవు 85.6 మిల్లీమీటర్లు, ఎత్తు 53.98, మందం 0.76. పాన్ కార్డూ అంతే, డెబిట్ కార్డూ అంతే. 2020లో 50 రూపాయల రుసుముతో మొదలైన పీవీసీ ఆధార్ కార్డూ అంతే. చిక్కంతా అంతకు ముందరి వాటితో. ఉత్తరం చివర కత్తిరించి లామినేషన్ చేయించిన ఆధార్, పాత ఓటరు కార్డు ఈ కొలతలో ఒదగవు. అరలోకి బలవంతంగా దూరిస్తే కుట్టు సాగుతుంది, ఇక మామూలు కార్డు ఆ అరలో నిలవకుండా జారిపోతుంది. పర్సు మార్చేముందు లామినేషన్ ఆధార్‌ను మార్చుకోవడం చౌక బేరం.

మందం లెక్క చూద్దాం. రెండుగా మడిచే మామూలు తోలు పర్సు, ఒక్కో వైపు మూడు కార్డు అరలు. బయటి తోలు ఒక మిల్లీమీటరు, లోపలి గుడ్డ రెండు పొరలు కలిపి 0.6. మూడు అరలూ తోలుతోనే కుడితే ఒక్కోటి 0.8 చొప్పున 2.4. అంటే ఒక వైపే నాలుగు మిల్లీమీటర్లు, మడిస్తే ఖాళీ పర్సే ఎనిమిది. ఆరు కార్డులు పెడితే ఇంకో నాలుగున్నర. పది నోట్లు పర్సుతో పాటు మడతపడితే ఇరవై పొరలు, అవి రెండు మిల్లీమీటర్లు. మొత్తం పద్నాలుగున్నర, అరంగుళం పైమాటే. అంటే మనిషి మోస్తున్న దానిలో సగానికి పైగా తోలూ గుడ్డే.

కాబట్టి పనితనం తెలిసినవాళ్లు ముందు అరల మీదే చెయ్యి వేస్తారు. పైకి కనిపించే అంచు వరకే తోలు, దాని కింద పలుచటి గుడ్డ. ముక్కను ఇంగ్లీషు ‘టీ’ అక్షరం ఆకారంలో కత్తిరించి, కింది అరకు మాత్రం నిండా తోలు వేస్తారు. గుడ్డ మందం 0.2 అనుకుంటే ఒక్కో వైపు 1.2 మిల్లీమీటర్లు, రెండు వైపులా కలిపి 2.4 తగ్గుతుంది. మడత పెట్టే అంచులను స్కైవింగ్ చేస్తారు, అంటే తోలు వెనక భాగాన్ని కత్తితోనో మిషను మీదో వాలుగా చెక్కి పలచన చేస్తారు. అది చేయని పర్సు అంచులు బొద్దుగా ఉబ్బి ఉంటాయి. కొనేటప్పుడు అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూస్తే తెలిసిపోతుంది. మధ్యలో మందంగా, అంచు దగ్గర సన్నగా తగిలితే కుట్టినవాడికి పని తెలుసు.

అయితే ఇంత కష్టపడి తగ్గించిన 2.4 మిల్లీమీటర్లు మూడు కార్డుల మందంతో దాదాపు సమానం. ఏడాదిలో ఒక్కసారీ బయటికి తీయని కార్డులు ఏ పర్సులోనైనా మూడు దొరుకుతాయి. పనివాడి నేర్పు చేసేదంతా ఇంట్లో బీరువా కూడా చేయగలదు.

అరంగుళం అంటే నవ్వులాటగా ఉంటుంది గానీ వైద్యులు దీన్ని ఎప్పుడో పట్టించుకున్నారు. వెనక జేబులో కార్డుల పర్సు పెట్టుకుని గంటల తరబడి కూర్చునేవాళ్లకు పిరుదు నుంచి కాలిలోకి పాకే నొప్పి గురించి అమెరికన్ వైద్య సంఘం పత్రిక 1978లోనే ప్రచురించింది. దానికి వాళ్లు పెట్టిన పేరు ‘క్రెడిట్ కార్డ్ వాలెట్ సయాటికా’. పిరుదు కండరం కింది నుంచి వెళ్లే నరం మీద పర్సు ఒత్తిడి పడటం కారణం. పర్సు తీసి పక్కన పెట్టడమే మొదటి మందు. క్యాబ్ డ్రైవర్లు, రోజంతా కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగులు దీన్ని గుర్తుంచుకోవాలి. మీద కూర్చుంటే కార్డులకూ మంచిది కాదు. ట్యాప్ చేసి చెల్లించే కార్డులో లోపల చుట్టూ సన్నని యాంటెన్నా తీగ ఉంటుంది. కార్డు పదేపదే వంగితే అది తెగుతుంది. మిషన్లో దూరిస్తే పనిచేసే కార్డు ట్యాప్ చేస్తే మాత్రం పలకదు.

ఇక నోటు. పలుచని పర్సు కథలో మనవాళ్లు పెద్దగా గమనించని మలుపు ఇక్కడుంది. 2016కు ముందు మన వంద నోటు ఎత్తు 73 మిల్లీమీటర్లు. పాత అయిదొందలు, వెయ్యి కూడా 73. వెయ్యి పొడవైతే 177. పెద్ద నోట్ల రద్దు తర్వాత వచ్చిన కొత్త వరుసలో 50 నుంచి 500 దాకా అన్నిటి ఎత్తూ 66కు దిగింది. అయిదొందల పొడవు 150, రెండొందలది 146, వందది 142. పదీ ఇరవై అయితే ఇంకా పొట్టి, 63.

అమెరికా డాలరు ఎత్తూ దాదాపు 66 మిల్లీమీటర్లే, పొడవు 156. ఆస్ట్రేలియా నోట్ల ఎత్తు 65. పలుచని పర్సులకు పేరుపడ్డ కంపెనీలు చాలావరకు ఈ నోట్లను ముందు పెట్టుకునే గీతలు గీశాయి. 2010లో ఆస్ట్రేలియాలో మొదలైన బెల్రాయ్ కంపెనీ ‘హైడ్ అండ్ సీక్’ అనే ఒకే నమూనాను రెండు ఎత్తుల్లో అమ్ముతుంది. డాలర్ల వంటి పొట్టి నోట్లకు ‘లో’, యూరోలు, పౌండ్ల వంటి పొడుగు నోట్లకు ‘హై’. అమెరికా నుంచి బావమరిది తెచ్చిన పర్సులో మన వంద నోటు తల బయటపెట్టి చూసే రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు అదే పర్సులో కొత్త అయిదొందల నోటు నిండా మునుగుతుంది. రిజర్వు బ్యాంకు పర్సుల కోసం నోటు తగ్గించలేదు గానీ, పర్సు కుట్టేవాడికి ఏడు మిల్లీమీటర్లు మిగిలాయి. మన బజారులో చాలా పర్సులు ఇంకా వెయ్యి నోటు కొలతకే కుడుతున్నారంటే పాత అచ్చులు మార్చకపోవడమే కారణం అనుకోవాలి. పాత వరుస వంద నోట్లు ఇంకా చెల్లుతున్నాయి కాబట్టి కొంత వదులు ఉంచినా తప్పులేదు.

నోటును ఒక్క మడత పెడితే 75కి 66. కార్డు 86కి 54. అంటే 100 మిల్లీమీటర్ల పొడవు, 75 ఎత్తు ఉన్న చిన్న తోలు తొడుగులో రెండూ సర్దుకుంటాయి. కార్డు హోల్డరు అని అమ్మేవి ఇవే. అయితే నాణేన్ని మరచిపోవాలి. పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్ల వెడల్పు, 7.71 గ్రాముల బరువు. ఇరవై బిళ్ల 8.54 గ్రాములు. పది బిళ్ల చెల్లదన్న పుకారు మన ఊళ్లలో ఎంత గట్టిగా తిరిగిందంటే, 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సి వచ్చింది. అయినా పలుచని పర్సులో బిళ్లకు చోటు లేదు, అది ప్యాంటు జేబులోనే మోగాలి.

పర్సు రూపాన్నే మార్చేసిన ప్రయోగాలు మూడు. నెదర్లాండ్స్‌కు చెందిన సీక్రిడ్ అల్యూమినియం పెట్టె చేసింది. కింద మీట నొక్కితే కార్డులు మెట్లు మెట్లుగా పైకి లేస్తాయి. చదునైన కార్డులైతే ఆరు, అంకెలు ఉబ్బెత్తుగా ఉన్నవైతే నాలుగు పడతాయి. చూడముచ్చటైన పనితనం, పిల్లలున్న ఇంట్లో మాత్రం అది బొమ్మ అయిపోతుంది. అమెరికాలో 2013లో కిక్‌స్టార్టర్ చందాలతో మొదలైన రిడ్జ్ ఇంకా మొండిది. రెండు లోహపు పలకలు, మధ్యలో సాగే పట్టీ, అంతే. ఖాళీగా ఉంటే ఆరు మిల్లీమీటర్లు. కార్డులు వేలితో తోసి తీసుకోవాలి, నోట్లు బయట క్లిప్పు కింద నలుగురికీ కనిపిస్తాయి. రైతుబజారులో కొత్తిమీర కట్ట కొంటూ నోట్ల కట్ట చూపించుకోవడం మనకు నప్పే అలవాటు కాదు. పైగా మన చెమటకూ ఎండకూ సాగే పట్టీ ఏదైనా వదులవుతుంది. తాళాలతో పాటు జేబులో వేస్తే పలక గీతలు పడుతుంది, ఫోనుతో పాటు వేస్తే ఫోను గీతలు పడుతుంది. మూడోది టైవెక్ పర్సు. డ్యుపాంట్ కంపెనీ చేసే ఈ సరుకు చూపుకు కాగితం, గుణానికి ప్లాస్టిక్ నార. చిరగదు, తడిస్తే పాడవదు, ఒకే ముక్కను మడిచి చేస్తారు. బరువు లేనట్టే ఉంటుంది. చూడ్డానికి మాత్రం కొరియరు కవరు.

తోలు ఇంకా ఓడిపోలేదు. సన్నగా కోసినా బలం నిలుస్తుంది, వాడేకొద్దీ జేబు ఆకారానికి వస్తుంది, గరుకుదనం వల్ల జారదు. చెన్నై, ఆంబూరు, రాణిపేట వైపు తోళ్ల పరిశ్రమకు పాత పేరు ఉంది, 1948 నుంచి చెన్నైలో కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ కూడా ఉంది. దక్షిణాదిన వెనకటి రోజుల్లో తోళ్లను పదును చేసింది తంగేడు బెరడుతో, కరక్కాయతో. బతుకమ్మలో పేర్చే తంగేడు, తెలంగాణ రాష్ట్ర పుష్పం, ఒకప్పుడు ఓడలెక్కి వెళ్లిన తోళ్లకు రంగూ బిగువూ ఇచ్చింది. తర్వాత వాటిల్ బెరడు దాని చోటు ఆక్రమించింది. ఇప్పుడు ఎక్కువ పర్సులు క్రోమియం లవణాలతో పదును చేసినవే. అవి మెత్తన, నీటికి కొంచెం మొండి. బెరడు తోలు బిగువుగా నిలబడుతుంది, చెమట మరకలు మాత్రం దాచదు. ‘జెన్యూన్ లెదర్’ అన్న ముద్రను చూసి మురిసిపోనక్కరలేదు. తోలులో కింది పొరకూ ఆ ముద్ర పడుతుంది. ‘బాండెడ్’ అంటే ముక్కలు పొడి చేసి జిగురుతో అతికించిన అట్ట. రెక్సిన్ సంగతి చెప్పాలా? రెండు వానాకాలాలు పోతే పొలుసులు రాలుతుంది.

ఇప్పుడు భద్రత. అమ్మేవాళ్లు ఎక్కువ గొంతు పెంచేది, కొనేవాళ్లు ఎక్కువ మోసపోయేది ఇక్కడే. ట్యాప్ కార్డు 13.56 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో మిషనుతో మాట్లాడుతుంది, అదీ కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే. పక్కన నిలబడ్డ దొంగ చేతి మిషనుతో మీ జేబులోని కార్డును చదివేస్తాడని భయపెట్టి, లోపల రేకు పొర వేసిన ‘ఆర్ఎఫ్ఐడీ సేఫ్’ పర్సులు అమ్ముతారు. పూర్తిగా కట్టుకథ కాదు. 2012లో వాషింగ్టన్‌లో జరిగిన ష్మూకాన్ సదస్సులో క్రిస్టిన్ పేజెట్ అనే భద్రతా పరిశోధకురాలు వేదిక మీదే ఒక కార్డును అలా చదివి, దానితో చెల్లింపు చేసి చూపించారు. వేదిక మీద చేసింది వీధిలో వ్యాపారంగా మారలేదు. ట్యాప్ చేసినప్పుడు కార్డు నంబరు, గడువు తేదీ బయటికి వెళ్లవచ్చు గానీ వెనక అచ్చువేసిన మూడంకెల సీవీవీ వెళ్లదు. చిప్పు ప్రతి చెల్లింపుకూ ఒకసారికే పనికొచ్చే సంకేతాన్ని తయారుచేస్తుంది, పట్టుకున్నా రెండోసారి చెల్లదు. మన దేశంలో ఆన్‌లైన్‌లో కొనాలంటే ఓటీపీ అడ్డం ఉంటుంది.

అంతకంటే గట్టి తాళం రిజర్వు బ్యాంకు ఇచ్చింది, ఉచితంగా. 2020 జనవరి ఆదేశం ప్రకారం ట్యాప్, ఆన్‌లైన్, విదేశీ వాడకం మూడింటినీ ఎవరికి వారు బ్యాంకు యాప్‌లో ఆపుకోవచ్చు, తెరవవచ్చు. పిన్ లేకుండా ట్యాప్ చేసే పరిమితి 2021 జనవరి 1 నుంచి 5,000 రూపాయలు. వాడనప్పుడు ట్యాప్ ఆపేస్తే రేకు పర్సు చేసే పని అయిపోయినట్టే. రేకు పొర మీద మనసు పడి కొన్నా, అది ఉందో లేదో తేల్చుకోవడం తేలిక. కార్డు లోపల పెట్టి పర్సు మూసి కిరాణా కొట్టు మిషను మీద ఆనించండి. బీప్ మోగిందా, రేకు లేదు.

రేకు వల్ల ఒక ఇబ్బంది కూడా ఉంది. హైదరాబాద్ మెట్రో స్మార్ట్ కార్డు కూడా ట్యాప్ కార్డే. రేకు లోపల పెడితే గేటు దగ్గర ప్రతిసారీ తీయాలి, వెనక క్యూలో ఉన్నవాళ్ల చూపులు భరించాలి. రేకు లేకుండా రెండు మూడు ట్యాప్ కార్డులతో కలిపి పెడితే గేటుకు ఏది చదవాలో తెలియదు. లండన్ రవాణా సంస్థ దీన్నే ‘కార్డ్ క్లాష్’ అని ప్రయాణికులను హెచ్చరించింది. లోపలి అరలకు రేకు, బయట మెట్రో కార్డుకు రేకు లేని ఒక్క అర. ఇంత చిన్న సంగతి పట్టించుకున్న పర్సులు వెతికితే గానీ దొరకవు.

నిజమైన ప్రమాదాలు పాతవే. రద్దీ బస్సులో, జాతరలో, సినిమా హాలు గేటు దగ్గర వెనక జేబు. బ్లేడు వేసేవాడికి రేడియో తరంగాలతో పనిలేదు. బైకు మీద వెళ్తుంటే పైకి తన్నుకొచ్చి పడిపోయేవి, ఆటోలో దిగేటప్పుడు సీటు సందులో ఉండిపోయేవి ఎన్నో. వీటికి విరుగుడు ముందు జేబు, అందులో ఇమిడే పలుచటి కొలత. సన్నదనమూ భద్రతా ఒకదానికొకటి సాయపడేది ఇక్కడే. పోయినా దొరికేలా ఎయిర్‌ట్యాగ్ పెట్టుకుందామంటే దాని మందం ఎనిమిది మిల్లీమీటర్లు, ఖాళీ పర్సంత. కార్డు ఆకారంలో వచ్చే ట్రాకర్లు సుమారు రెండున్నర, అవే మేలు.

పర్సు ఎంత మంచిదైనా లోపల పిన్ నంబరు రాసిన చీటీ ఉంటే చేసేదేమీ లేదు. 2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోయిన సొమ్ము, బ్యాంకుకు తెలియజేసేదాకా ఖాతాదారు నెత్తినే పడుతుంది. ఆ తర్వాత పోయింది బ్యాంకు బాధ్యత. కాబట్టి కార్డు ఆపించే ఫోను నంబరు పర్సులో కాదు, బయట ఎక్కడైనా ఉండాలి.

ఆడవాళ్ల విషయంలో డిజైనర్లు చేసింది శూన్యం. చీరకు జేబు లేదు, చాలా కుర్తాలకూ లేదు. తెలుగిళ్లలో ఎక్కువగా వాడే ఆడవాళ్ల పర్సు ఏదంటే, బంగారం కొట్టువాళ్లు ఊరికే ఇచ్చే జిప్పు పర్సు. చిన్నదే, పలుచనిదే, జిప్పు రెండో ఏడు పాడవుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆ పర్సుకు కొత్త పని పడింది. కండక్టరు అడగగానే గుర్తింపు కార్డు చూపించాలి. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో జిప్పు లాగి, నోట్ల మధ్యలోంచి కార్డు తీయడం చూస్తే పర్సు గీసేవాళ్లను ఆ బస్సు ఎక్కించాలనిపిస్తుంది. వెలుపల పారదర్శకంగా ఒక కిటికీ అర, ఫొటో, పేరు కనిపిస్తూ ఆధార్ అంకెలు కనిపించకుండా కింద తోలు పట్టీ, మణికట్టుకు తగిలించుకునే దారం. ఇంతే కావలసింది.

పర్సే అక్కర్లేదనేవాళ్లూ ఉన్నారు. 2016లో మొదలైన యూపీఐ 2023 ఆగస్టులో ఒక్క నెలలో వెయ్యి కోట్ల లావాదేవీలు దాటింది. డ్రైవింగ్ లైసెన్సు, బండి ఆర్సీ డిజీలాకర్‌లో చూపిస్తే చెల్లుతుంది. సగం కార్డులు ఫోనులోకి వెళ్లిపోయినట్టే, పలుచని పర్సు సాధ్యమైందీ తోలు పనితనం కంటే దీనివల్లే ఎక్కువ. కానీ 2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న యూపీఐ దేశమంతటా మొరాయించినప్పుడు టీ కొట్టు దగ్గర చిల్లర కోసం జేబులు తడుముకున్నవాళ్లకు సంగతి తెలుసు. చలామణిలో ఉన్న నోట్ల విలువ కూడా తగ్గలేదు. నోట్ల రద్దుకు ముందు సుమారు 18 లక్షల కోట్ల రూపాయలు ఉంటే, ఇప్పుడు 30 లక్షల కోట్లు దాటి చాలాకాలమైంది.

అన్నీ చూశాక మన అవసరానికి సరిపోయే పర్సు రూపం ఇదీ: ముందు జేబులో పట్టే తోలు తొడుగు, నాలుగైదు కార్డులు, ఒక్క మడత మీద 66 మిల్లీమీటర్ల నోటు, బయట ఒక మెట్రో అర. టైటానియం అక్కర్లేదు, రేకు పొరకు అదనంగా డబ్బు ఇవ్వనక్కరలేదు, ఆ డబ్బు కుట్టుకు ఇవ్వడం మేలు. వెంకన్న బొమ్మకు, మొదటి జీతం నోటుకు కాగితం మందమే కాబట్టి వాటిని నిక్షేపంగా ఉంచుకోవచ్చు. రసీదులు మాత్రం ఈ పూటే పారేయాలి.

కొత్తది కొనడానికి వెళ్లేటప్పుడు రోజూ వాడే కార్డులు, ఒక అయిదొందల నోటు, ఒక పాత వంద నోటు వెంట తీసుకెళ్లండి. కొట్టులోనే అన్నీ పెట్టి, పర్సును తలకిందులు చేసి బల్ల మీద గట్టిగా దులపండి. ఒక్క కార్డు జారినా అక్కడే వదిలేసి రండి.